డాక్టరమ్మ జవాబులు: ఫోన్‌లో షుగర్ వైద్యం

గోదావరి వరదల రోజుల్లో లంక గ్రామాల నుంచి రాజమహేంద్రవరం రాలేని మా షుగర్ రోగుల్ని ఫోన్‌లో ఎలా చూస్తామో పోయిన సంచికలో నాలుగు ముక్కలు రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ సందేశాలే ఈసారి శీర్షిక మొత్తం ఆక్రమించేశాయి. పేర్లు తీసేసి ఊళ్ళు మాత్రం ఉంచాను. ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపేశాను. ముందే ఒక మాట: ఇక్కడ చదివిన దాన్నిబట్టి మీ మందు మోతాదు మీరే మార్చుకోవద్దు. అనుమానం వస్తే ఈ పేజీ చూపించి మీ డాక్టర్నే అడగండి.

ప్రశ్న: నేను రిటైర్డ్ లెక్కల మాస్టారిని. పన్నెండేళ్ళుగా షుగర్ ఉంది, బిళ్ళలతో నడుస్తోంది. ఇకమీదట మూడు నెలలకోసారి ఫోన్‌లోనే డాక్టర్‌కి చూపిద్దామని మా అబ్బాయి అంటున్నాడు. మనిషిని ముట్టుకోకుండా చేసేది వైద్యమేనా? ఆ చీటీ మందుల షాపులో చెల్లుతుందా?
(మండపేట)

జవాబు: చెల్లుతుంది మాస్టారూ. 2020 మార్చి 25న టెలిమెడిసిన్ నిబంధనలు వచ్చాయి. రిజిస్టరైన డాక్టర్ ఫోన్‌లోనో వీడియోలోనో చూసి, తన రిజిస్ట్రేషన్ నంబరు వేసి పంపిన చీటీకి మామూలు చీటీకున్న విలువే ఉంటుంది. అయితే హద్దులున్నాయి. మిమ్మల్ని ఎన్నడూ చూడని డాక్టర్, మీరు వాడుతున్న షుగర్ బిళ్ళల్నే మళ్ళీ రాయాలన్నా మొదటిసారి వీడియోలో చూడాలి. ఉత్త ఆడియో కాల్ చాలదు. మిమ్మల్ని ఎదురుగా చూసి ఆరు నెలలు దాటని డాక్టరైతే అదే జబ్బుకి ఫోన్‌లో ఇంకో మందు కలపవచ్చు. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకి సిటాగ్లిప్టిన్ చేర్చడాన్ని ఆ నిబంధనల్లోనే ఉదాహరణగా ఇచ్చారు. "ఇది ఫోన్‌లో తేలేది కాదు, ఒకసారి రండి" అని డాక్టర్ ఎప్పుడైనా అనవచ్చు. అలా అన్న డాక్టర్ మీద కోపం తెచ్చుకోకండి, ఆయన్ని వదులుకోకండి.

ఇక ముట్టుకోవడం సంగతి. షుగర్ జబ్బులో సగం మీ సబ్జెక్టే. పరగడుపున 80 నుంచి 130, తిన్న రెండు గంటలకు 180 లోపు, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 7 లోపు. చాలామందికి మేం పెట్టే గురి ఇది. బాగా పెద్దవయసు వాళ్ళకి, షుగర్ పడిపోయే బెడద ఉన్నవాళ్ళకి 8 దాకా ఒప్పుకుంటాం. ఈ అంకెలు నాకు చూపించడానికి మీరు బస్సెక్కి వచ్చి మా వరండాలో పూటంతా కూర్చోనక్కర్లేదు. మిగతా సగానికి మాత్రం మనిషి రావాల్సిందే. అరికాలికి సన్నటి నైలాన్ పోగు ఆనించి స్పర్శ తెలుస్తోందా అని చూడాలి. పాదం మీద నాడి అందుతోందా అని వేలు పెట్టి చూడాలి. కంట్లో చుక్కలు వేసి రెటీనా చూడాలి. కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలియడానికి మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ పరీక్షలు చేయించాలి. ఇవన్నీ ఏడాదికి కనీసం ఒకసారి. నిలకడగా ఉన్నవాళ్ళకి మూడుసార్లు ఫోన్‌లో, నాలుగోసారి ఎదురుగా అని నేను చెబుతాను. మీ అబ్బాయి మాట మూడొంతులు రైటు.

ఇది కరోనాతో పుట్టిన వింతేమీ కాదు. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో వాళ్ళ టెలిమెడిసిన్ కేంద్రం 2000 మార్చిలోనే మొదలైంది, దాన్ని ప్రారంభించింది అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్. తమిళనాడులో చూనాంపేట్ చుట్టుపక్కల 42 పల్లెల్లో మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్ళు శాటిలైట్ సౌకర్యమున్న వ్యాన్ తిప్పి, కంటి ఫొటోలు అక్కడే తీసి చెన్నై డాక్టర్లకి పంపారు. చేతిలో స్మార్ట్‌ఫోన్ లేని రోజుల్లోనే ఇంత జరిగింది.

ప్రశ్న: అమ్మకి 58 ఏళ్ళు. ఉదయం, సాయంత్రం మిక్స్‌డ్ ఇన్సులిన్ వేసుకుంటుంది. సీసా, సిరంజి పద్ధతే. ఏడాదిగా ఫోన్‌లోనే డాక్టర్ గారు చూస్తున్నారు. షుగర్ ఎక్కువ ఉందని చెప్పిన ప్రతిసారీ రెండు, నాలుగు యూనిట్లు పెంచుతున్నారు. పూటకి 20తో మొదలై 46కి వచ్చింది. ఒకే పోటుతో వేసేసుకుంటుంది పాపం, ఓపికమంతురాలు. పరగడుపున ఇంకా 220 ఉంటోంది. పెద్ద డాక్టర్‌కి మారాలా?
(తుని)

జవాబు: డాక్టర్ని మార్చే ముందు సిరంజి చూడండి. మీ ఉత్తరంలో "ఒకే పోటుతో" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను.

మన దేశంలో ఇన్సులిన్ సీసాలు రెండు రకాలు. ఒకదాని మీద మిల్లీలీటరుకి 40 యూనిట్లని, ఇంకోదాని మీద 100 యూనిట్లని రాసి ఉంటుంది. దేని సిరంజి దానికే. 40 సిరంజికి మామూలుగా ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ రంగు మూత ఉంటుంది. ఒక మిల్లీలీటరు 40 సిరంజిలో గీతలు 40తో అయిపోతాయి, 46 యూనిట్లు ఒక్కసారిగా పట్టవు. అమ్మగారు ఒకే పోటుతో 46 వేసుకుంటున్నారంటే ఆవిడ చేతిలో ఉన్నది 100 సిరంజి అయ్యుండాలి. ఇప్పుడు సీసా చూడండి. దాని మీద కూడా 100 ఉంటే గొడవ లేదు, కింద రాసినవి చదవండి. దాని మీద 40 ఉంటే మాత్రం 46వ గీత దాకా లాగినా ఒంట్లోకి వెళ్ళేది 18 యూనిట్లే. అంటే మొదలుపెట్టిన 20 కన్నా తక్కువ! మధ్యలో ఎప్పుడో షాపు మార్చి సిరంజిలు కొని ఉంటారు. ఫోన్‌లో "46 వేస్తున్నామండి" అని మీరంటారు, అవతల డాక్టర్ 46 అని రాసుకుంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే.

సీసా మీద 40 ఉందని తేలితే సరైన సిరంజి కొని ఆ 46నే వేసెయ్యకండి. ఒక్క పూటలో మోతాదు రెండున్నర రెట్లయిపోతుంది, షుగర్ అమాంతం పడిపోతుంది. అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేసి సీసా, సిరంజి రెండూ వీడియోలో చూపించండి. కొత్త మోతాదు ఆయనే చెబుతారు. దీనికి తిరగబడిన పొరపాటు ఇంకా ప్రమాదం. 100 సీసాలోని మందుని 40 సిరంజితో లాగితే 20 అనుకున్నది 50 అవుతుంది.

సిరంజి సరిగానే ఉందనుకుందాం. అప్పుడు పొట్ట చూడాలి. ఏళ్ళ తరబడి బొడ్డు పక్కన ఒకే చోట పొడిస్తే చర్మం కింద మెత్తటి గడ్డలు కడతాయి. అక్కడ నొప్పి తెలియదు కాబట్టి పేషెంట్లకి ఆ చోటే ఇష్టం. కానీ గడ్డలో వేసిన ఇన్సులిన్ ఒకరోజు ఇంకుతుంది, ఒకరోజు ఇంకదు. వీడియోలో ఇది నాకు చాలాసార్లు కనిపించదు, చేత్తో తడిమితే తెలుస్తుంది. మీరే తడిమి చూడండి, ఒక పక్కకీ ఇంకో పక్కకీ తేడా తెలిసిపోతుంది. గడ్డలుంటే చోటు మార్చాలి. అయితే కొత్త చోట ఇన్సులిన్ బాగా ఇంకి, అదే మోతాదు ఎక్కువై కూర్చుంటుంది. అందుకే చోటు మార్చే ముందు కూడా డాక్టర్‌కి ఫోన్ చేసి మోతాదు తగ్గించాలేమో అడగాలి.

తెల్లగా మబ్బుగా ఉండే మిక్స్‌డ్ ఇన్సులిన్‌ని వాడే ముందు రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి, దగ్గు మందులా ఊపెయ్యకూడదు. దొర్లించకుండా లాగితే ఒకరోజు పలచటి మందు, ఇంకోరోజు చిక్కటి మందు వస్తుంది. తెరవని సీసా ఫ్రిజ్‌లో ఉండాలి, డీప్ ఫ్రీజర్‌లో మాత్రం కాదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. వాడుతున్న సీసాని వేడి తగలని చోట పెట్టి, నాలుగు వారాలు కాగానే మిగిలినా పారెయ్యాలి. వరదల్లో కరెంటు పోయినప్పుడు మా లంక ఊళ్ళవాళ్ళు సీసాని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని తడి ఇసకలో ఉంచిన మట్టికుండలో పెడతారు. ఆ పద్ధతికి నేను నూటికి నూరు మార్కులు వేస్తాను.

వచ్చే కాల్‌లో అంకెలు చదవడం మానేసి అమ్మగారు ఇంజెక్షన్ వేసుకోవడం మొత్తం చూపించండి. సీసా తియ్యడం దగ్గర్నుంచి సూది పారెయ్యడం దాకా. అది చూశాక కూడా ఏమీ తేలకపోతే అప్పుడు ఆవిణ్ణి తీసుకుని వెళ్ళండి.

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. రావులపాలెం దగ్గర పల్లెలో అమ్మానాన్నా ఇద్దరే ఉంటారు. నాన్నకి 71. చేతికి షుగర్ కొలిచే సెన్సర్ పెట్టించాను, రీడింగులు నా ఫోన్‌కి వస్తాయి. అక్కడ అర్ధరాత్రి దాటాక ఒక్కోసారి 58, 60 అని అలారం మోగుతుంది. ఫోన్ చేసి లేపితే "బానే ఉన్నానమ్మా, పడుకోనీ" అంటారు. నాకు ఒకటే టెన్షన్. డాక్టర్‌తో వీడియో కాల్ ఇక్కణ్ణుంచి నేనే మాట్లాడెయ్యవచ్చా?
(డల్లాస్)

జవాబు: నాన్నగారు ఏ పక్కకి తిరిగి పడుకుంటారో కనుక్కున్నావా అమ్మాయ్? సెన్సర్ ఉన్న చెయ్యి కిందకి వేసుకుని పడుకుంటే అది నొక్కుకుపోయి షుగర్ తక్కువ చూపిస్తుంది. సెన్సర్ కొలిచేది రక్తంలో షుగర్ కాదు, చర్మం కింద ఉండే నీటిలోది. ఒత్తిడి పడితే అక్కడికి రక్తం సరిగా అందదు, అంకె దిగిపోతుంది. పక్కకి తిరగ్గానే గ్రాఫ్ మామూలుగా పైకి లేస్తుంది. నువ్వు ఫోన్ చేశావు, ఆయన లేచి కూర్చున్నారు, పావుగంటలో 95 అయింది. ఇలా జరుగుతోందంటే చాలావరకు ఇదే.

అలాగని ప్రతి అలారాన్నీ కొట్టిపారెయ్యకు. నాన్నగారి చీటీలో గ్లిమిపిరైడ్ గానీ, గ్లిబెన్‌క్లమైడ్ గానీ, ఇన్సులిన్ గానీ ఉంటే షుగర్ నిజంగా పడిపోవచ్చు. ఒక్క మెట్‌ఫార్మిన్ మాత్రమే అయితే అది అరుదు. అందుకని అలారం మోగినప్పుడు అమ్మగారు వేలి రక్తంతో ఒకసారి చూడాలి. 70 లోపు ఉంటే గ్లాసు నీళ్ళలో మూడు చెంచాల పంచదార కలిపి తాగించాలి. పదిహేను నిమిషాలకి మళ్ళీ చూసి, ఇంకా తక్కువుంటే మళ్ళీ ఇవ్వాలి. పెరిగాక ఏదన్నా తినిపించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యొద్దు, 108కి ఫోన్ చెయ్యాలి. వేలి రక్తంలో కూడా తక్కువ వచ్చిందంటే తెల్లారగానే డాక్టర్‌కి ఫోన్ వెళ్ళాలి. టెలిమెడిసిన్ బాగా అక్కరకొచ్చేది ఇక్కడే. రాత్రి బిళ్ళ సగం చేయడానికి ఐదు నిమిషాల కాల్ చాలు.

ఇక కాల్ నువ్వొక్కదానివే మాట్లాడటం నాకు నచ్చదు. రోగి లేకుండా ఆయన తరఫున మాట్లాడాలంటే ఆయన అనుమతి ఉన్నట్టో, మీ బంధుత్వమో డాక్టర్‌కి రుజువు కావాలని నిబంధన ఉంది. అది అలా ఉంచు, నాన్నగారు ఎదురుగా లేకపోతే నేనేం చూడాలి? ముగ్గురూ కలిసే కాల్ పెట్టుకోండి. మా గోదావరి వాళ్ళతో ఫోన్‌లో ఒక చిక్కుంది. ఏమడిగినా "ఆయ్, బానే ఉందండి" అంటారు. కాళ్ళ తిమ్మిర్లా? ఆయ్, బానే ఉందండి. రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు? ఆయ్, బానే ఉందండి. అందుకే నేను అమ్మగార్ని పక్కన కూర్చోబెట్టమంటాను. ఆవిడ మొహం చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. నా ప్రశ్నలకి ఆయన్నే జవాబు చెప్పనివ్వు, ఆఖరి ఐదు నిమిషాలు నీవి. రిపోర్టుల ఫొటోలు, వాడుతున్న మందుల అట్టల ఫొటోలు ముందు రోజే పంపు. అట్టలే కావాలి, పాత చీటీ చాలదు. చీటీలో ఉన్నదొకటి, షాపువాడు ఇచ్చింది ఇంకొకటి, నాన్నగారు మింగుతున్నది మరొకటి కావచ్చు.

ఇన్సులిన్ మీద లేనివాళ్ళకి సెన్సర్ ఏడాది పొడుగునా ఉండాలని నేననను. డాక్టర్‌కి చూపించే ముందు ఒక సెన్సర్, అంటే రెండు వారాలు, చాలామందికి సరిపోతుంది. మిగతా రోజులు నువ్వు ఆఫీసు పని చూసుకో.

ప్రశ్న: ఇంట్లో మెషిన్‌లో పరగడుపున 168 వచ్చింది. అరగంటలో ల్యాబ్‌లో ఇస్తే 149. వీడియో కాల్‌లో డాక్టర్‌కి ఏది చెప్పాలి? మెషిన్ పారెయ్యాలా?
(కాకినాడ)

జవాబు: పారెయ్యకండి, బాగానే పనిచేస్తోంది. ఇంటి మెషిన్లకున్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100 పైన ఉన్న రీడింగు ల్యాబ్ అంకెకి అటూ ఇటూ 15 శాతం దాకా తేడా రావచ్చు. 149కి 171 దాకా లెక్కలోకే వస్తుంది. రెండూ చెప్పండి, ఏది ఎక్కడిదో చెప్పండి. తేడా అంతకు మించి ఉంటే ముందు స్ట్రిప్పుల గడువు తేదీ చూడండి, డబ్బా మూత బిగించి పెడుతున్నారా చూడండి. తడి తగిలిన స్ట్రిప్పులు అబద్ధం చెబుతాయి. చేతులూ అంతే. ఇది సీతాఫలాల కాలం కదా, పండు తిని చెయ్యి లుంగీకి తుడుచుకుని వేలు పొడిస్తే 280 వస్తుంది. సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక, వేలి కొన పక్కన పొడవండి.

అసలు నాకు కావాల్సింది వట్టి అంకె కాదు. రోజూ పరగడుపున ఒక్కసారే చూసి ముప్ఫై అంకెలు వరసగా చదివేవాళ్ళున్నారు. దానివల్ల నాకు తెలిసేది తక్కువ. ఆత్రేయపురం దగ్గర కొబ్బరి తోట రైతు ఒకాయన నోటుబుక్కులో ఇలా రాస్తాడు: "ఆదివారం, పెళ్ళి భోజనం, పదకొండుకి పడక, పొద్దున 196. సోమవారం, జొన్నరొట్టె, తోటలో పని, పొద్దున 131." ఈ రెండు లైన్లు చూశాక నేను మందు జోలికే వెళ్ళను. మీరూ అలా రాయండి. రోజూ పరగడుపున కాకుండా ఒకరోజు టిఫిన్‌కి ముందూ తిన్న రెండు గంటలకీ, ఇంకోరోజు మధ్యాహ్నం భోజనానికి ముందూ తర్వాతా చూడండి. రాగి జావ ఎంత తాగినా షుగర్ పెరగదని నమ్మేవాళ్ళకి ఈ జంట రీడింగులు చూపిస్తే చాలు, నేను నోరు విప్పక్కర్లేదు.

ఇంకొకటి. అంకెలు చదివి వినిపించకుండా మెషిన్ మెమరీ ఫొటోలు పంపండి. చదివేటప్పుడు మంచి అంకెలే నోటికొస్తాయి. మెషిన్‌లో తేదీ, టైము సరిచేసుకోండి.

ప్రశ్న: మా ఊరి క్లినిక్‌లో ఉండే మేడం ట్యాబ్‌లో డాక్టర్‌తో మాట్లాడిస్తానంటున్నారు. డబ్బులు లేవంట. నిజం డాక్టరేనా? మా ఇంటాయనకి ఈమధ్యే షుగర్ బయటపడింది.
(రంపచోడవరం మండలం)

జవాబు: నిజం డాక్టరేనమ్మా. దాని పేరు ఈ-సంజీవని, కేంద్ర ప్రభుత్వానిది, మొహాలీలోని సీ-డాక్ అనే ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ వాళ్ళు తయారుచేశారు. 2019లో పల్లె కేంద్రాల్లో మొదలైంది, 2020 ఏప్రిల్‌లో ఇంట్లోంచే మాట్లాడే ఏర్పాటు కూడా పెట్టారు. దాన్ని ఎక్కువగా వాడుకున్న రాష్ట్రాల్లో మన ఆంధ్రా ముందుంది. తెలంగాణలో పల్లె దవాఖానాల్లోనూ ఉంది. క్లినిక్‌లో ఆ మేడం ఉండటం మంచిది. బీపీ చూస్తుంది, షుగర్ చూస్తుంది, డాక్టర్ చెప్పింది మీకు అర్థమయ్యేలా చెబుతుంది, ఉన్న బిళ్ళలు అక్కడే ఇస్తుంది. దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల పైమాటని 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే లెక్క తేల్చింది. అంతమందికి ఎదురుగా కూర్చుని చూసే స్పెషలిస్టుల్ని ఎక్కణ్ణుంచి తెస్తాం?

ఒక్క లోటుంది. ఈసారి ఒక డాక్టర్, వచ్చేసారి ఇంకో డాక్టర్ రావచ్చు. కాబట్టి చీటీలన్నీ ఒక సంచిలో వేసుకుని ప్రతిసారీ పట్టుకెళ్ళండి. షుగర్ కొత్తగా బయటపడింది కాబట్టి కన్ను ఇప్పుడే చూపించాలి, ఏళ్ళు గడిచాక కాదు. ఎందుకంటే మామూలుగా పెద్దవాళ్ళకి వచ్చే టైప్ 2 రకం షుగర్ బయటపడేసరికే కొందరికి ఒంట్లో చేరి చాలా కాలమై ఉంటుంది. మీకు దగ్గర్లో ఎల్‌.వి. ప్రసాద్ నేత్ర సంస్థ వాళ్ళ విజన్ సెంటర్ లాంటిది ఉందేమో ఆ మేడంనే అడగండి. అక్కడ కన్ను చూసి, అవసరమైతే పై డాక్టర్‌తో మాట్లాడిస్తారు.

ప్రశ్న: వయసు 49. మూడు నెలల కింద ఫోన్‌లో డాక్టర్ గారు కొత్త షుగర్ బిళ్ళ మార్చారు. అప్పట్నుంచి కింద ఒకటే దురద, మంట. ఫోన్ పట్టుకునేది మా అబ్బాయి. వాడి ముందు ఎలా చెప్పను? ఆ బిళ్ళ మానేశాను.
(భీమవరం)

జవాబు: ఆ బిళ్ళ పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉందేమో అట్ట మీద చూడండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి. అవి ఒంట్లోని షుగర్ని మూత్రంలోంచి బయటికి పంపిస్తాయి. దానివల్ల కొందరు ఆడవాళ్ళకి, మగవాళ్ళకి కూడా, అక్కడ ఫంగస్ వస్తుంది. మీ శుభ్రతలో లోపమేమీ లేదు. చాలావరకు మామూలు మందుతోనే తగ్గిపోతుంది. గుండెకీ కిడ్నీకీ మేలు చేసే బిళ్ళ అది, సిగ్గుపడి వదులుకునేది కాదు. ఉంచాలా, మార్చాలా అన్నది డాక్టర్ తేలుస్తారు. అదే బిళ్ళ అయితే ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. వాంతులు, విరేచనాలు పట్టుకుని తిండి పోనప్పుడు, ఆపరేషన్ ఉన్నప్పుడు దాన్ని ఆపాల్సి ఉంటుంది. అలాంటప్పుడు వెంటనే డాక్టర్‌కి ఫోన్ చెయ్యాలి.

అబ్బాయి సంగతి: కాల్ కలిపి ఇచ్చి బయటికి వెళ్ళమనండి. "డాక్టరమ్మతో ఆడవాళ్ళ మాటలున్నాయి" అంటే ఏ కొడుకైనా లేచి వెళ్ళిపోతాడు. అదీ కుదరకపోతే రెండు ముక్కలు కాగితం మీద రాసి ఫొటో పంపండి. నేను వీడియో కాల్ మొదట్లోనే "గదిలో ఇంకెవరున్నారు?" అని అడుగుతాను. మీ డాక్టర్ అడగకపోతే మీరే చెప్పండి.

ప్రశ్న: వాట్సాప్‌లో ఒక యాప్ వాళ్ళ ప్రకటన వచ్చింది. ప్యాకేజీ కడితే 90 రోజుల్లో షుగర్ మాయమట, బిళ్ళలన్నీ మాన్పిస్తారట. నాకు హెచ్‌బీఏ1సీ 7.8. "కోచ్" రోజూ మెసేజ్ చేస్తుంది. చేరనా?
(విజయనగరం)

జవాబు: మొదట కోచ్‌ని ఒక్కటే అడగండి, బిళ్ళ ఆపమని చెప్పే డాక్టర్ పేరేమిటి, రిజిస్ట్రేషన్ నంబరెంత అని. జవాబు రాకపోతే డబ్బు కట్టకండి. టెలిమెడిసిన్ నిబంధనల ప్రకారం మందు రాయాల్సింది, సలహా ఇవ్వాల్సింది రిజిస్టరైన డాక్టరే. కంప్యూటర్ ప్రోగ్రామ్ తనంత తానుగా మందు రాయకూడదని కూడా అందులో ఉంది.

షుగర్ వెనక్కి తగ్గడం అనేది అబద్ధమని అనను. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే పరీక్ష చేశారు. ఆరేళ్ళ లోపు షుగర్ ఉండి, ఇన్సులిన్ మీద లేని, బరువెక్కువ ఉన్నవాళ్ళకి కొన్ని నెలలపాటు రోజుకి దాదాపు 850 క్యాలరీల తిండే ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందుల్లేకుండా షుగర్ అదుపులో ఉంది. అంటే సగానికి పైగా మందికి అలా కాలేదు. ఫలితం వచ్చింది కూడా బరువు బాగా తగ్గినవాళ్ళకే. దాన్ని "మాయం" అనరు. మందు లేకుండా మూడు నెలలు హెచ్‌బీఏ1సీ 6.5 లోపు ఉంటే ఉపశమనం అంటారు, ఏటా పరీక్షలు తప్పవు. మీకు ఎన్నేళ్ళుగా ఉంది, బరువెంత అన్నది రాయలేదు. ఆ రెండూ మీ డాక్టర్‌కి చెప్పి "నాకు అవకాశం ఉందా?" అని అడగండి. తిండి మారుతుంటే బిళ్ళ తగ్గించడం కూడా ఆయన చేతిమీదుగానే జరగాలి. రోజూ ఎవరో మెసేజ్ పెట్టి "నడిచారా?" అని అడగడం కొందరికి నిజంగా ఉపయోగమే. ఆ పని మీ ఆవిడ ఉచితంగా చేస్తుంది.

ప్రశ్న: (బొటనవేలి కింద పుండు ఫొటో పంపి) మేడం, చెప్పు కరిచింది. వారం అయింది. నొప్పి లేదు. ఆయింట్‌మెంట్ పేరు చెప్పండి.
(అమలాపురం)

జవాబు: ఫొటో చూసిన వెంటనే పత్రిక ఆఫీసు నుంచి మీకు ఫోన్ చేయించాను. ఇక్కడ వేస్తున్నది మిగతావాళ్ళ కోసం. నొప్పి లేకపోవడమే నా భయం. వారం నుంచి పుండుంటే నొప్పి తెలియాలి, తెలియట్లేదంటే పాదంలో స్పర్శ పోయిందన్న మాట. ఇది ఫొటోలో తేలదు. ఎంత లోతుందో, ఎముక తగులుతోందో, రక్తం అందుతోందో చేత్తో చూడాలి. పాదం మీద పుండు, నల్లబడటం, వాపు, చీము, వేడి ఏది కనిపించినా వీడియో అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళండి. ఛాతీలో నొప్పి, మూతి వంకర పోవడం, ఆయాసం, ఆగని వాంతులు, మగతగా ఉండటం కూడా ఈ లెక్కలోకే వస్తాయి. వీటికి ఫోన్ చెయ్యాల్సింది నాకు కాదు, 108కి.

ప్రశ్న: కార్తీక సోమవారాలు ఉపవాసం ఉంటాను, నక్షత్ర దర్శనం అయ్యాకే భోజనం. వయసు 61. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడతాను. ఆ రోజు ఫోన్‌లో డాక్టర్‌కి చెప్తే సరిపోతుందా?
(ద్రాక్షారామం)

జవాబు: ఆ రోజు కాదమ్మా, వారం ముందు చెప్పండి. తిండి లేకుండా గ్లిమిపిరైడ్ వేసుకుంటే మధ్యాహ్నానికి చెమటలు పట్టి, గుళ్ళోనే కళ్ళు తిరుగుతాయి. ఆ బిళ్ళని ఆ రోజు ఆపాలా, తగ్గించి సాయంత్రానికి మార్చాలా అన్నది మీ పాత రీడింగులు చూసి డాక్టర్ నిర్ణయిస్తారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, ఈమధ్య షుగర్ పడిపోయి ఆస్పత్రిలో చేరినవాళ్ళు, ఇన్సులిన్ రెండు పూటలా వేసుకునేవాళ్ళు నన్నడిగితే పూర్తి ఉపవాసం వద్దంటాను, పాలు పళ్ళతో ఉండమంటాను. డాక్టర్ సరేనంటే మొదటి సోమవారం ఉదయం, పదకొండింటికి, మధ్యాహ్నం మూడింటికి, చుక్క పొడిచే ముందు వేలు పొడిచి చూసుకోండి. ఆ అంకెలు మర్నాడు ఆయనకి పంపితే తర్వాతి సోమవారానికి మోతాదు సరిచేస్తారు. మధ్యలో 70 లోపుకి దిగినా, 300 దాటినా ఉపవాసం అక్కడితో ఆపెయ్యాలి. 70 లోపైతే ముందు పంచదార నీళ్ళు తాగి, తర్వాత భోంచెయ్యండి. 300 దాటితే మాత్రం పంచదార జోలికి పోకుండా మంచినీళ్ళు తాగుతూ డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి.